మినుములు వేగిన ఇంజను

ఇటు జరగండర్రా, ఇంకాస్త ఇటు. ఆ గుమ్మం దగ్గర కూచున్నవాళ్ళకి సగం మాటే వినపడుతుంది. మిగతా సగం వాళ్ళే కల్పించుకుని రేపు ఊరంతా చెబుతారు. ఇది అలా చెడిపోవాల్సిన కథ కాదు. పెనుగొండలో పాపాయి అని ఒకావిడ, కొడుకు ఆటో ఇంజనుకి పట్టుకున్న జబ్బేంటో ముక్కుతో కనిపెట్టిన కథ. ముక్కుతోనే! నవ్వితే నవ్వండి, చివరిదాకా విన్నాక నవ్వండి.

పాపాయి కూలికి చెరిగే మనిషి. కోతలైపోయాక రైతుల ఇళ్ళల్లో మినుములనీ పెసలనీ నువ్వులనీ చెరిగిపెట్టడం ఆవిడ పని. చేట పట్టిందంటే పక్కనున్నవాళ్ళు పని మానేసి చూసేవారు. గింజ ఒక పక్కకి, పొట్టు ఒక పక్కకి, మట్టిబెడ్డలు ఒక మూలకి, పేరు పెట్టి పిలిచినట్టు విడిపోయేవి. సంతకం రాదు గానీ, గుప్పెడు మినుములు చేతిలో పోస్తే అవి గట్టు చేలోవో పల్లపు చేలోవో, ఎన్ని ఎండలు తిన్నాయో చెప్పేసేది.

ఆవిడ మొగుడు సత్తియ్య. బస్టాండు నుంచి అమ్మవారి గుడికి ఇరవయ్యారేళ్ళు రిక్షా తొక్కాడు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన యాత్రికులు, పెట్టెలూ బేడలూ, చంటిపిల్లలూ ముసలాళ్ళూ, అందర్నీ లాగాడు. లాగీ లాగీ ఛాతీ పాడైపోయింది. నాలుగడుగులు గబగబా వేస్తే పిల్లిపిల్ల ఏడ్చినట్టు లోపల్నించి ఒక కూత. తణుకులో డాక్టరుగారు గొట్టం పెట్టి విని, "సత్తియ్యా, ఇంక పెడలు మీద కాలు పెట్టకు. పెట్టావంటే మళ్ళీ నా దగ్గరికి రానక్కర్లేదు" అన్నారు. ఆ మాట సత్తియ్య వారంలో మర్చిపోయాడు. పాపాయి మాత్రం మర్చిపోలేదు. ఆయన దగ్గితే చాలు, చేతిలో చేట ఆగిపోయేది.

అప్పుడు, ఎనభై నాలుగు దసరా ముందు, కొడుకు అచ్చిబాబు ఆటో తెచ్చాడు. చకోర కంపెనీ బండి. నల్లటి ఒళ్ళు, పసుపు టాపు, వెనక సీటు కింద ఇంజను. మూడు చక్రాలకీ నిమ్మకాయలు పెట్టి, సత్తియ్యని ముందు ఎక్కించి, ఊరంతా ఒక చుట్టు తిప్పాడు. రిక్షాని దొడ్లో మునగచెట్టుకి చేరేశారు.

"అమ్మేద్దాం నాన్నా" అన్నాడు అచ్చిబాబు.

"ఉండనీరా. అదేమన్నా అన్నం అడుగుతుందా?" అన్నాడు సత్తియ్య.

పొద్దున్నే లేచి దాని గంట ఒకసారి కొట్టి, సీటు తుడిచి, అప్పుడు మొహం కడుక్కునేవాడు. ఆ గంట చప్పుడు పాపాయికి గిట్టేది కాదు. ఆ రిక్షా దొడ్లో ఉన్నంతకాలం ఆయన కాలు పెడలు వైపే చూస్తూ ఉంటుందని ఆవిడ భయం.

మూడు నాలుగు నెలలు బండి బ్రహ్మాండంగా నడిచింది. పెనుగొండలో ఎక్కించుకుని మార్టేరు, పాలకొల్లు మీదుగా నర్సాపురం రేవు దాకా వెళ్ళి రావడం. ఇంకో మాట చెబుతున్నాను, మనసులో పెట్టుకోండి. ఆ ఏడు మా వైపు దాళ్వాకి కాలవ నీళ్ళు రావన్నారు. నీళ్ళు లేకపోతే రెండో పంట వరి ఎలా వేస్తారు? రైతులంతా మినుములు చల్లేశారు. ఎటు చూసినా మినప చేలే.

మాఘమాసంలో ఒక మిట్టమధ్యాహ్నం, ముగ్గురు పెళ్ళివాళ్ళతో మార్టేరు దాటాడో లేదో, ఇంజను కిర్రుమని ఒక కేక వేసి కొయ్యబారిపోయింది. చక్రం కదల్లేదు. పెళ్ళివాళ్ళు అక్షింతలు మూటగట్టుకుని నడిచి వెళ్ళారు. బండిని లారీ మీద వేసుకుని రాజమండ్రిలో కంపెనీ షోరూముకి తీసుకెళ్ళాడు అచ్చిబాబు. అక్కడ సర్వీసు చూసే గున్నేశ్వరరావుగారు ఒక్క చూపు చూసి, "ఇంజను వేడెక్కి పట్టేసిందండి. బరువెక్కువ వేసుంటారు. పెట్రోల్లో ఆయిలు తక్కువ పోసుంటారు" అన్నారు. కొత్త పిస్టను వేసి పంపించారు.

పదిహేను రోజులు తిరక్కుండా మళ్ళీ పట్టేసింది. మళ్ళీ లారీ, మళ్ళీ రాజమండ్రి. ఈసారి పిస్టనుతోపాటు ఒక ఉత్తరం కూడా వచ్చింది, ఫ్యాక్టరీ నుంచి. అచ్చిబాబు అరుగు మీద నిలబడి చదివాడు. బండిలో లోపమేమీ లేదట. మోతకి మించిన బరువూ కల్తీ ఆయిలూ కారణమట. ఇంకోసారి ఇలాగే పట్టేస్తే గ్యారంటీ చెల్లదట, కొత్త ఇంజను సొంతంగా కొనుక్కోవాలట.

"ఇంజను కొనుక్కోవడమంటే బండి మరోటి కొనుక్కోవడమే" అన్నాడు అచ్చిబాబు.

సత్తియ్య దొడ్లోకి వెళ్ళి, రిక్షా గొలుసుకి చమురు పెట్టడం మొదలెట్టాడు. చీకటి పడేదాకా పెట్టి, లోపలికి వచ్చి, "ఉగాది దాకా చూస్తాన్రా అచ్చీ. అప్పటికీ నీ బండి దారికి రాకపోతే నా బండి ఉండనే ఉంది" అన్నాడు.

పాపాయి ఆ రాత్రంతా ఆయన దగ్గులు లెక్కపెడుతూ పడుకుంది.

అచ్చిబాబు చెయ్యని ప్రయత్నం లేదర్రా. ముగ్గురికి బదులు ఇద్దర్నే ఎక్కించాడు. పెట్రోలు బంకు మార్చాడు. ఆయిలు ఎక్కువ పోస్తే బండి వెనక దిష్టి తీసినంత పొగ. పెనుగొండ మేస్త్రి లోవరాజు ప్లగ్గు చూశాడు, కార్బొరేటరు చూశాడు, పెదవి విరిచాడు. "పైనంతా బాగానే ఉంది తమ్ముడూ. ఇంజను చుట్టూ ఉన్న రేకు కవరు విప్పితే గానీ లోపల సంగతి తెలీదు. దానికేమో కంపెనీవాడు సీలు వేశాడు. నేను ముట్టుకున్నానంటే నీ గ్యారంటీ ఆ క్షణమే పోతుంది."

సరే, ఒకరోజు పాపాయికి పాలకొల్లు దగ్గర ఒక రైతుగారింట్లో పని పడింది. చేట చంకలో పెట్టుకుని కొడుకు బండిలోనే వెనక సీట్లో కూచుంది. మార్టేరు దాటారు. అక్కడ రోడ్డు మీద మినప మొక్కలు దుప్పటి పరిచినట్టు పరిచి ఉన్నాయి. మా వైపు అంతే కదర్రా, కళ్ళం చేసుకునే ఓపిక లేక, పీకి ఎండబెట్టిన మొక్కలు తారు రోడ్డు మీద పరిచేస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది, రైతుకి నూర్చే పని తప్పుతుంది. బండి ఆ పరుపు మీద కరకరలాడుకుంటూ పోయింది.

అది దాటిన కాసేపటికి పాపాయి ముక్కుకి కమ్మటి వాసన తగిలింది. మూకుట్లో మినుములు వేయిస్తున్న వాసన. ఎవరింట్లోనో సున్నుండలు చేస్తున్నారు కాబోలనుకుంది. తల బయటపెట్టి చూస్తే ఇల్లన్నది లేదు. అటు కాలవ, ఇటు చేలు. బండి ఇంకో మైలు పోయింది. వాసన వెనకపడలేదు, వాళ్ళతోపాటే వస్తోంది. పైగా మూకుడు మీద ధ్యాస తప్పినప్పటి వాసనకి తిరిగింది.

"ఒరే అచ్చీ! నీ బండి మినుములు వేయిస్తోందిరా!"

"ఊరుకోవే అమ్మా. అసలే ఇంజను వేడెక్కుతోందని నేను చస్తుంటే."

"అందుకేరా చెబుతున్నాను. మాడుతున్నాయి కూడాను. ఆపు, ఆపు!"

ఆపాడు. అప్పటికే ఇంజను మీద చెయ్యి పెట్టలేనంత కాక. అరగంట చల్లారబెట్టి బయల్దేరారు.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే సత్తియ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "బెల్లమూ నెయ్యీ కూడా బండిలోనే పోసెయ్యరా. నర్సాపురం చేరేసరికి ఉండలు చుట్టుకుని దిగుతారు!" నవ్వి నవ్వి దగ్గాడు. నవ్వు ఆగింది, దగ్గు ఆగలేదు. పాపాయి ఆయన వీపు రాస్తూ ఆలోచిస్తూనే ఉంది.

పొట్టు సంగతి ఆవిడకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? గాలి ఎటు లాగితే పొట్టు అటు పోతుంది. గాలి ఎక్కడ ఆగితే అక్కడ కుప్ప పడుతుంది. ముప్పై ఏళ్ళుగా ఆవిడ చేసే పనే అది. లోవరాజుని పిలిచి అడిగింది. "ఏం నాయనా, ఆ రేకు కవరు లోపల గాలేమైనా ఆడుతుందా?"

"ఆడకపోతే ఎలా పిన్నీ? లోపల ఫ్యాను ఉంది. కింద నుంచి గాలి పీల్చి ఇంజను మీద ఊదుతుంది. ఇంజనుకి దువ్వెన పళ్ళలా చుట్టూ ఇనప రెక్కలుంటాయి. ఆ సందుల్లోంచి గాలి పోతేనే అది చల్లబడేది."

"దువ్వెన పళ్ళలానా?" అంది పాపాయి.

మర్నాడు కొడుకుతో నర్సాపురం దాకా వెళ్ళింది. రేవు దగ్గర ఇంకో చకోర బండి ఉంది, రైలు దిగినవాళ్ళని పడవ దాకా చేరేసే బండి. అది ఊరు దాటి పోదు. పక్కన అరుగు మీద లేసు అల్లుకుంటున్న ఆవిడ దగ్గర జానెడు దారం అడిగి పుచ్చుకుంది. ఆ రేవు బండి ఇంజను తిప్పించి, కింద ఫ్యాను నోటి దగ్గర దారం పట్టుకుంటే, సర్రుమని లోపలికి లాగేసింది. ఇంకో జానెడు తీసుకుని తమ బండి దగ్గర పట్టుకుంది. దారం కదల్లేదు. కాస్త ఊగింది, అంతే. మంచంలో ఉన్న మనిషి ముక్కు దగ్గర పెట్టినట్టు.

"చూశావురా? నీ బండికీ మీ నాన్నకీ ఒకటే జబ్బు. ఊపిరాడట్లేదు."

ఈసారి అచ్చిబాబు ఊరుకోమనలేదు.

"మరి షోరూములో రెండుసార్లు విప్పారు కదమ్మా. వాళ్ళకి కనపడలేదా?"

"విప్పేముందు ఏం చేస్తార్రా?"

"ఏం చేస్తారు, కడుగుతారు. కవరు తీసి, గాలి గొట్టంతో ఊది, నీళ్ళు కొట్టి తళతళలాడించాకే మేస్త్రి చెయ్యి పెడతాడు."

పాపాయి బండి టాపు మీద ఒక్కటి చరిచింది. "ఇంకేం! జబ్బుని కడిగేసి ఒంటిని చూస్తున్నారు."

ఆ వారమే కబురు తెలిసింది. ఫ్యాక్టరీ నుంచి ఇంజినీరుగారు రాజమండ్రి వస్తున్నారు, ఒక్కరోజు ఉంటారు. అచ్చిబాబు బండి తీస్తుంటే పాపాయి చేట పట్టుకుని ఎక్కి కూచుంది. దారి పొడుగునా నాలుగు మైళ్ళకోసారి ఆపుకుంటూ, చల్లారబెట్టుకుంటూ, కొవ్వూరు వంతెన దాటి వెళ్ళేసరికి పదకొండైంది.

షోరూము వాకిట్లోకి వెళ్ళారో లేదో, కడిగే మనిషి గొట్టం పుచ్చుకుని వచ్చాడు. పాపాయి బండి వెనక్కి వెళ్ళి చేట అడ్డం పెట్టి నిలబడింది.

"కడగొద్దు నాయనా."

"ఇంత మురికి బండి మేస్త్రిగారు ముట్టుకోరమ్మా."

"ముట్టుకోకపోతే నేను ముట్టుకుంటాను. చుక్క నీరు పడకూడదు."

గొడవకి గున్నేశ్వరరావుగారు బయటికొచ్చారు. "ఏంటిది అచ్చిబాబూ? చూపించడానికి బండిని తెచ్చావా, మీ అమ్మగారిని తెచ్చావా?"

"ఇద్దర్నీనండి" అన్నాడు అచ్చిబాబు, తల గోక్కుంటూ.

"ఏమ్మా, రోగిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేముందు మొహం కడిగి తీసుకెళ్ళరా?"

"కడుగుతామండి. కానీ కక్కుకున్నవాడిని కడక్కుండా తీసుకెళ్ళాలండి. ఏం కక్కాడో డాక్టరుగారు చూడొద్దాండి?"

లోపల్నించి పెద్దగా నవ్వు వినపడింది. చొక్కా చేతులు మడిచిన ఒకాయన బయటికి వచ్చారు. ఆయనే ఇంజినీరు. ఏ హిందీవాడో అనుకుంటే, "నా పేరు కుక్కుటేశ్వరరావండి" అన్నారు. ఊరి దేవుడి పేరే పెట్టుకున్నాక ఊరు అడగక్కర్లేదు కదా.

"అయితే బాబుగారిది పిఠాపురమన్నమాట" అంది పాపాయి.

"ఆయ్!" అన్నారాయన. అని, ఆ గోదారి మాట నోట్లోంచి వచ్చి ఎన్నాళ్ళయిందో గానీ, తనే ఆశ్చర్యపోయినట్టు చూశారు. "చెప్పండి పెద్దమ్మగారూ. ఇదే రకం బండి తునిలో తిరుగుతోంది, ఇంతకంటే ఎక్కువ బరువు లాగుతోంది. అక్కడ ఒక్కటీ పట్టెయ్యలేదు. మీ పెనుగొండ, పాలకొల్లు వైపే ఏడు పట్టేశాయి. నాకేమీ అంతు చిక్కట్లేదు. మీరేం కనిపెట్టారు?"

"నేను చెప్పడం కాదండి. తమరు విప్పండి. నేను చేట పడతాను."

ఆయన స్వయంగా సీలు తెంచి మరలు విప్పారు. రేకు కవరు తీసేసరికి, ఇంజనుకి రెక్కలే లేవు! రెక్కలుండాల్సిన చోట బూడిదరంగు పరుపు ఒకటి, పిచుకగూడులా బిగిసిపోయి ఉంది. స్క్రూడ్రైవరుతో కదిపితే పెళ్ళలు పెళ్ళలుగా చేటలో పడింది. మినపకాయల మీద సన్నటి నూగుంటుంది చూశారా, అది నూనె జిడ్డుకి అంటుకుని, దాని మీద పొట్టు అంటుకుని, గట్టిపడిపోయిందన్నమాట. పాపాయి ఆ పెళ్ళల్ని చేత్తో నలిపి, గోదారి గాలి వాటు చూసుకుని, వాకిట్లో నిలబడి చెరగడం మొదలెట్టింది. దుమ్ము లేచి కడిగే మనిషికి ఏడు తుమ్ములొచ్చాయి. పది చెరుగులు చెరిగి చేట ముందుకి చాపితే, అందులో పాతిక ముప్పై గింజలు. దోరగా వేగినవి కొన్ని, నల్లగా మాడినవి కొన్ని.

ఇంజినీరుగారు ఒక గింజ తీసి వాసన చూసి, నోట్లో వేసుకుని పటుక్కున కొరికారు.

"వేగింది" అన్నారు.

"అంతేనండి. మూకుడు మీద గింజ వేగుతోందంటే మూకుడు ఎంత కాలిపోతుంటుందో తమరే చూసుకోండి" అంది పాపాయి.

గున్నేశ్వరరావుగారు ఊరుకోలేదు. చెడ్డమనిషి కాదు గానీ రూలు మనిషి. "అయితే ఇది బండి తప్పెలా అవుతుందండి? పంట మీద నడపమని కంపెనీ చెప్పలేదు కదా. పక్కకి తప్పుకుని పోవాలి."

"ఎటు తప్పుకోవాలండి?" అని తిరిగింది పాపాయి. "అటు కాలవ, ఇటు చేలకి నీళ్ళెళ్ళే పంటబోది. మధ్యలో ఉన్న రోడ్డు మీదే రైతు పరుస్తాడండి. తొక్కకుండా పోతే రైతుకి కోపం, తొక్కితే మీకు కోపం. మూడు చక్రాలవాడు గాల్లో పోవాలాండి?"

ఇంజినీరుగారు చేతులు తుడుచుకుని, "పదండి, ఆ రోడ్డు నాకు చూపించండి" అన్నారు.

శుభ్రం చేసిన బండి గుర్రంలా పరిగెత్తింది. మార్టేరు అవతల మినుముల పరుపు మీద ఎక్కిందో లేదో, గట్టు మీంచి ఒక రైతు చెయ్యెత్తి కేకేశాడు. "ఒరే ఆటో అబ్బాయ్! ఆ పక్క సరిగ్గా నలగలేదు, ఓసారి వెనక్కి తిప్పి మళ్ళీ రారా!" ఇంజినీరుగారు దిగి, ఇస్త్రీ ప్యాంటుతో రోడ్డు మీద పడుకుని బండి కిందకి చూశారు. ఫ్యాను నోరు రోడ్డుకి రెండు జానల ఎత్తులో, సరిగ్గా చక్రం వెనకే ఉంది. చక్రం పొట్టు లేపడం, ఫ్యాను పీల్చడం.

"ఫ్యాక్టరీ దగ్గర సిమెంటు రోడ్డు మీద వేల మైళ్ళు తిప్పి చూశామండి" అన్నారు లేచి.

"ఆ రోడ్డు మీద ఎవరూ మినుములు పోయలేదాండి?"

"ఎవరూ పోయలేదండి" అన్నారాయన. నవ్వకుండా అన్నారు, కాగితం తీసి ఏదో బొమ్మ గీసుకుంటూ.

ఇంటికొచ్చి మజ్జిగ తాగుతుంటే, ఇంజినీరుగారికి దొడ్లో రిక్షా, దాని పక్కన సత్తియ్య కనిపించారు. సంగతి పాపాయే చెప్పింది, ఉగాది గడువుతో సహా. ఆయన గ్లాసు కింద పెట్టి, "నేను రాయగలను గానీ ఒప్పుకోవాల్సినవాళ్ళు వేరే ఉన్నారు పెద్దమ్మగారూ. ఉగాదికి జవాబొస్తుందని మాటివ్వలేను. ఈలోపల ఫ్యాను నోటికి ఏదైనా వల కట్టండి" అని, కవరుకి మళ్ళీ సీలు వేసి బస్సెక్కారు.

పాపాయి తన పాత జల్లెడ చించి కట్టింది. పొట్టు లోపలికి పోలేదు నిజమే, కానీ జల్లెడకే అంటుకుని గాలి ఆపేసేది. మైలుకోసారి దిగి చీపురుతో దులపాలి. ఎక్కినవాళ్ళు విసుక్కునేవారు. "ఏం అచ్చిబాబూ, బండి నడుపుతున్నావా, ఇల్లూడుస్తున్నావా?" బండి పట్టెయ్యలేదు గానీ, రోజుకి నాలుగు సార్లు తిరిగేది రెండు సార్లు తిరిగితే గొప్ప. మినుములయ్యాక పెసలు, పెసలయ్యాక నువ్వులు, రోడ్డు ఖాళీ అన్నది లేదు.

ఉగాది వచ్చింది. పచ్చడి తిన్నారు. పోస్టుమాను వాళ్ళ గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే గంట మోగింది. పాపాయి పరుగెత్తుకెళ్ళేసరికి సత్తియ్య రిక్షాని వీధిలోకి తీసి, తలపాగా చుట్టుకుంటున్నాడు. ఆవిడ బతిమాలలేదు, తిట్టలేదు. చీర సర్దుకుని రిక్షా ఎక్కి కూచుంది.

"దిగవే."

"ఎందుకు దిగుతాను? ఇరవయ్యారేళ్ళు ఊళ్ళోవాళ్ళందర్నీ గుడికి తీసుకెళ్ళావు. నన్ను ఒక్కనాడు ఎక్కించావా? పద, నేనే నీ బోణీ."

"నీ మొండితనం తగలెయ్య" అనుకుంటూ సత్తియ్య తొక్కాడు. వీధి చివరిదాకా తొక్కాడు. అక్కడ కాలు ఆగింది. ఛాతీలో పిల్లికూత మొదలైంది. హేండిలు మీద వాలిపోయి, తల తిప్పకుండా ఉండిపోయాడు, మొహం ఆవిడకి కనపడకూడదని.

పాపాయి దిగింది. ఆయన జబ్బ పట్టుకుని దింపి, వెనక సీట్లో కూచోబెట్టింది. తను ముందుకొచ్చి హేండిలు పట్టుకుని, నడుచుకుంటూ రిక్షాని ఇంటివైపు తిప్పింది. అరుగుల మీద జనం నోళ్ళు తెరిచారు. "ఏం, ఆయన ఎక్కకూడదా?" అంది ఎవరూ అడక్కుండానే.

సగం దారిలో సత్తియ్యకి ఊపిరి కుదుటపడింది. పక్కకి తడిమి చూసుకుని మెల్లిగా అన్నాడు. "ఈ సీటు ఇంత మెత్తగా ఉంటుందేంటే పాపాయీ?"

ఇరవయ్యారేళ్ళలో ఆయన అందులో కూచోలేదు మరి. పాపాయి వెనక్కి తిరగలేదు. కళ్ళల్లో నీళ్ళకి దారి సరిగ్గా కనపడక, ఒక గుంటలో దింపి, మొగుడి చేత తిట్లు తింది.

శ్రీరామనవమి నాడు పందిట్లో పానకం పంచుతుండగా వీధిలోకి జీపొచ్చింది. గున్నేశ్వరరావుగారు దిగి, "పాపాయిగారి ఇల్లెక్కడండి?" అని అడిగారు. విన్నారా? మొన్న 'ఏమ్మా' అన్న మనిషి!

జీపులోంచి అట్టపెట్టె దింపించారు. అందులో వంపు తిరిగిన రేకు గొట్టం ఒకటి. కింద నుంచి గాలి పీల్చకుండా, టాపు దగ్గర, పొట్టు అందని ఎత్తులోంచి పీల్చేందుకు. దాని నోటికి చేత్తో ఊడదీసి దులుపుకునే వల. ఇంకా కొత్త పిస్టను, కొత్త రేకు కవరు. ఆ ఏడు బండ్లకీ కంపెనీయే ఊరికే బిగించి ఇస్తుందట. ఇకమీదట డెల్టాకి వచ్చే బండ్లన్నీ ఈ గొట్టంతోనే వస్తాయట. అచ్చిబాబు ఉత్తరం విప్పి గట్టిగా చదివాడు. ముందటి ఉత్తరం కొట్టివేస్తున్నాం అని రాశారు. ఆ ప్రాంతంలో రోడ్డు ఎలా వాడతారో చూడకుండా బండి పంపడం మా పొరపాటు, నడిపేవారిది కాదు అని రాశారు.

కింద ఒక అచ్చు కాగితం కూడా ఉంది, మేస్త్రిలందరికీ పంపించేది, తెలుగులోనే. వారానికోసారి కవరు విప్పి చూసుకోవలెను, విప్పినందుకు గ్యారంటీ పోదు. ఆఖరి వరస పెద్ద అక్షరాల్లో ఉంది. "వేడెక్కి ఆగిన బండిని విప్పి చూడకముందు కడగరాదు."

"ఇది మా అమ్మ మాట" అన్నాడు అచ్చిబాబు.

లోవరాజు ఆ సాయంత్రమే గొట్టం బిగించాడు. మర్నాడు సత్తియ్య ముందు, పాపాయి వెనక కూచుని నర్సాపురం బయల్దేరారు. మార్టేరు దగ్గర పెసల పరుపు, అవతల నువ్వుల పరుపు, అన్నీ తొక్కుకుంటూ పోయారు. పాపాయి ముక్కు ఎగబీలుస్తూనే ఉంది. పెట్రోలు వాసన, కాలవ బురద వాసన, రేవు దగ్గరికొచ్చేసరికి చేపల వాసన. వేగిన వాసన మాత్రం రాలేదు. దిగాక లేసు ఆవిడ దగ్గర మళ్ళీ జానెడు దారం అడిగి, గొట్టం నోటి దగ్గర పట్టుకుంది. వేళ్ళల్లోంచి లాక్కుపోయింది.

"ఊపిరాడుతోందిరా" అంది.

ఆ రిక్షాని అమ్మలేదు. గొలుసు మాత్రం పాపాయి తీసి దాచేసింది. మునగచెట్టు కింద ఆ మెత్తటి సీట్లో సత్తియ్య పొద్దుటిపూట కాళ్ళు చాపుకుని కూచునేవాడు. పదకొండేళ్ళు కూచున్నాడు. ఆయన లేచి వెళ్ళాక కోడి ఎక్కి గుడ్లు పెట్టేది.

అదర్రా సంగతి. ఆ అచ్చు కాగితం చాలా ఊళ్ళు తిరిగింది గానీ దాని మీద పాపాయి పేరు లేదు. కంపెనీవాళ్ళు కాగితాల మీద అలాంటి పేర్లు వెయ్యరు. అందుకని మీరు గుర్తుంచుకోవాలి. ఎప్పుడైనా ఎవరి బండైనా వేడెక్కి రోడ్డు పక్కన ఆగిపోతే, వాళ్ళ పక్కన కూచుని ఈ కథ చెప్పండి. ఇంజను చల్లారేసరికి సరిగ్గా అయిపోతుంది. చెప్పేటప్పుడు చేట మర్చిపోయినా పరవాలేదు, దారం మర్చిపోయినా పరవాలేదు. పెనుగొండ సత్తియ్య పెళ్ళాం పాపాయి అని ఆ పేరు మాత్రం వదలకుండా చెప్పండి.